ఆ లింక్ ఎందుకు నొక్కావ్?

మీ ఆఫీసు మెయిల్‌కి రెండు మెసేజ్‌లు వచ్చాయనుకోండి. మొదటిది ‘మీ అవుట్‌లుక్ పాస్‌వర్డ్ అప్‌డేట్ చేసుకోండి’. రెండోది ‘సెలవుల పాలసీ మారింది, వివరాలు ఇక్కడ’. దేన్ని నొక్కుతారు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. పాస్‌వర్డ్ అనగానే మనకి అనుమానం వచ్చేస్తుంది. సెలవు అనగానే మాత్రం వేలు దానంతటదే వెళ్ళిపోతుంది.

ఇది ఊహ కాదు, లెక్కే. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియేగో వాళ్ళ ఆసుపత్రుల సంస్థలో 2023లో ఒక పరిశోధన జరిగింది. 19,500 మందికి పైగా ఉద్యోగులు, ఎనిమిది నెలలు, పది రకాల గాలం మెయిళ్ళు. ఫిషింగ్ అంటే గాలం వెయ్యడమే కదా, ఇక్కడ అలాగే పిలుచుకుందాం. వేసింది దొంగలు కాదు, పరిశోధకులే. పాస్‌వర్డ్ మెయిల్‌లో లింక్ నొక్కినవాళ్ళు 2 శాతం కూడా లేరు. సెలవుల పాలసీ మెయిల్‌లో నొక్కినవాళ్ళు 30 శాతం దాటారు.

అదే ఆఫీసు, అలాంటి ఉద్యోగులే. మారింది ఎర ఒక్కటే.

‘నేనైతే నొక్కను’ అనేవాళ్ళకి

ఇదే పరిశోధనలో ఇంకో లెక్క ఉంది. మొదటి నెలలో బోల్తా పడ్డవాళ్ళు పది శాతం దగ్గర. ఎనిమిదో నెల వచ్చేసరికి, కనీసం ఒక్కసారైనా నొక్కినవాళ్ళు సగం దాటిపోయారు. అంటే లోకంలో జాగ్రత్తపరులు, అజాగ్రత్తపరులు అని రెండు జాతులు లేవు. ఇంకా తన ఎర తగలనివాళ్ళు, తగిలినవాళ్ళు ఉన్నారు, అంతే. మీకు సెలవుల మెయిల్ ఎర కాకపోవచ్చు. అప్రైజల్ లెటర్? వీసా స్లాట్? కొరియర్ డెలివరీ ఫెయిలైందన్న మెసేజ్, అదీ మీరు నిజంగా ఏదో ఆర్డర్ పెట్టిన రోజున?

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి మెయిళ్ళకి కంపెనీల దగ్గర ఉన్న మందు ఒకటే, ట్రైనింగ్. గచ్చిబౌలిలో పనిచేసేవాళ్ళయినా, మధురవాడలో పనిచేసేవాళ్ళయినా ఈ సీన్ తెలిసిందే. ఏడాదికోసారి ఒక వీడియో, కొన్ని స్లైడ్లు, చివర్లో పది ప్రశ్నలు. నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్. తప్పయితే మళ్ళీ రాయొచ్చు. సర్టిఫికెట్ వచ్చేస్తుంది, హెచ్ఆర్ దగ్గర ఆకుపచ్చ టిక్ పడుతుంది.

ఆ టిక్ వల్ల ఉపయోగం ఎంత? శాన్‌డియేగో పరిశోధకులు సరిగ్గా ఇదే వెతికారు. ఏడాది ట్రైనింగ్ నిన్నగాక మొన్న పూర్తి చేసినవాళ్ళకీ, చేసి చాలా నెలలైనవాళ్ళకీ నొక్కే విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇక నొక్కగానే ‘ఇది పరీక్ష, మీరు దొరికిపోయారు, ఈ పాఠం చదవండి’ అని తెర మీదకి వచ్చే రకం ట్రైనింగ్ సంగతీ చూశారు. అది అందుకున్నవాళ్ళకీ, అసలు ఏ ట్రైనింగూ లేనివాళ్ళకీ మధ్య తేడా సగటున 1.7 శాతం. అంతే. ఎనిమిది నెలల కష్టానికి దక్కిన ఫలితం అది.

తప్పు చేసిన క్షణంలోనే పాఠం చెబితే బాగా ఎక్కుతుందని చదువు చెప్పేవాళ్ళ నమ్మకం. వినడానికి బావుంది. మరి ఇక్కడ ఎందుకు ఎక్కలేదు? ఒక్కసారి ఆ మనిషి పరిస్థితి ఊహించుకోండి. మధ్యాహ్నం మూడింటికి మీటింగ్, బయట పేషెంట్ల క్యూ, చేతిలో ఫోన్. అప్పుడు తెర మీద పాఠం ప్రత్యక్షమైతే చదివేదెవరు? నాలుగింట మూడొంతుల సందర్భాల్లో ఆ పేజీ మీద గడిపిన సమయం ఒక నిమిషమో, అంతకన్నా తక్కువో. మూడోవంతు సార్లు తెరిచీ తెరవగానే మూసేశారు.

పాఠంలోని ప్రశ్నలకి జవాబులిస్తూ చివరిదాకా పూర్తిచేసినవాళ్ళు మాత్రం తర్వాత నొక్కే అవకాశం 19 శాతం తగ్గిందట. చూశారా, ట్రైనింగ్ పనిచేసింది అనడానికి తొందరపడకండి. ఓపిగ్గా చివరిదాకా చదివే మనిషి, అసలే నింపాదిగా ఉండే మనిషి కావచ్చు. ట్యూషన్‌కి వెళ్ళే పిల్లాడికి మార్కులు వస్తే అది ట్యూషన్ గొప్పో, పిల్లాడి గొప్పో తేల్చడం ఎంత కష్టమో, ఇదీ అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. నొక్కినవాడికే పాఠం వస్తుంది. ఏ ఒక్క మెయిల్ తీసుకున్నా ఎక్కువమంది నొక్కరు కాబట్టి, ఎక్కువమందికి ఆ రోజు పాఠమే అందదు. వచ్చే నెల ఇంకో ఎరకి పడేది వాళ్ళే కావచ్చు.

పాఠం చెబితే పెరిగిన తప్పులు

అమెరికా సంగతి వదిలేసి స్విట్జర్లాండ్ వెళ్దాం. అక్కడి జ్యూరిచ్‌లో ఈటీహెచ్ అనే ప్రఖ్యాత టెక్నాలజీ యూనివర్సిటీ ఉంది. వాళ్ళు ఒక పెద్ద కంపెనీతో కలిసి 14 వేల మందికి పైగా ఉద్యోగుల్ని 15 నెలలు గమనించారు. ఫలితం ఇంకా విచిత్రం. నొక్కగానే పాఠం చూపించిన గుంపు, పాఠం చూపించని గుంపుకన్నా తర్వాతి మెయిళ్ళకి ఎక్కువగా చిక్కింది!

కారణం ఏమై ఉంటుందన్నదానికి పరిశోధకుల అంచనా ఆలోచించదగ్గదే. నొక్కినా ఏమీ కాలేదు, వెంటనే కంపెనీవాళ్ళు వచ్చి ‘ఇది పరీక్షలెండి’ అన్నారు. దాంతో, వెనకాల ఎవరో కాపలా ఉన్నారన్న భరోసా మనసులో చేరి ఉండొచ్చు. కాపలావాడు ఉన్నాడనుకున్న ఇంటికి తాళం వెయ్యడం మానేసినట్టు.

అయితే ఈ పరిశోధనలోనే ఒక మంచి కబురు కూడా ఉంది. మెయిల్ తెర మీద ‘ఇది అనుమానంగా ఉంది’ అని రిపోర్ట్ చేసే బటన్ ఒకటి పెట్టారు. ఉద్యోగులు నెలల తరబడి విసుగు లేకుండా దాన్ని వాడారు. కొత్త గాలం పడిన కొద్ది నిమిషాల్లోనే ఎవరో ఒకరు పట్టేసేవారు. ఒకడు పట్టిస్తే మిగిలిన వేలమంది ఇన్‌బాక్సుల్లోంచి ఆ మెయిల్‌ని తీసేయొచ్చు కదా. అంటే ఏ ఒక్కరినీ పూర్తిగా నమ్మలేం, కానీ గుంపుగా చూస్తే ఉద్యోగులే మంచి కాపలా. మరి మన స్లైడ్లలో ఉద్యోగికి పెట్టిన పేరేంటి?

‘వీకెస్ట్ లింక్’.

పేరు పెట్టడంలోనే ఉంది రాజకీయం

సెక్యూరిటీ ప్రపంచంలో ఈ మాట బాగా పాతది. గొలుసులో బలహీనమైన కొక్కెం మనిషే అని. వినడానికి చాలా నిజంలా ఉంటుంది. కానీ మాటలు ఊరికే ఉండవు, పని చేస్తాయి. రోడ్డు మీద గుంత ఉంది, బండి పడింది. ‘అతివేగమే కారణం’ అని రాస్తే కేసు రైడర్ మీదకి పోతుంది. ‘గుంత పూడ్చకపోవడం’ అని రాస్తే ఇంకొకరి మీదకి పోతుంది. జరిగింది ఒకటే. ఎవరు జవాబు చెప్పాలో తేల్చింది ఆ ఒక్క వాక్యం. రాజకీయ భాష అంటే మైకుల్లో తిట్టుకోవడమే అనుకుంటాం. నిజానికి ఇలా నెమ్మదిగా బాధ్యతను ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదకి మార్చే భాషే అసలు రాజకీయ భాష.

1999లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఆన్ ఆడమ్స్, ఏంజెలా సాస్ ఒక పరిశోధన పత్రం రాశారు. దాని పేరే ‘యూజర్లు శత్రువులు కారు’ అన్న అర్థంలో ఉంటుంది. ఉద్యోగులు పాస్‌వర్డ్‌లు కాగితం మీద ఎందుకు రాసుకుంటున్నారని వెళ్ళి అడిగారు. బద్ధకం కాదని తేలింది. లెక్కలేనన్ని పాస్‌వర్డ్‌లు పెట్టుకోమంటారు, మాటిమాటికీ మార్చమంటారు, ఎందుకో చెప్పరు. మనిషి జ్ఞాపకానికి ఒక హద్దు ఉంటుంది కదా. ఆ హద్దు దాటించి, తర్వాత నిర్లక్ష్యం అని పేరు పెట్టారు.

‘ఒక క్యాపిటల్ లెటర్, ఒక అంకె, ఒక గుర్తు, 90 రోజులకోసారి మార్పు’ అనే నియమాల వెనక కథ మరీ బావుంటుంది. 2003లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం బిల్ బర్ అనే ఆయన రాసిన సూచనలవి. ప్రపంచమంతా పాటించింది. 2017లో ఆయనే, ఆ రాసిన వాటిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని ఒక పత్రికకి చెప్పారు. అదే ఏడాది నిస్ట్ కూడా ఊరికే మాటిమాటికీ మార్పించొద్దని సూచనలు మార్చేసింది. ఎందుకంటే మార్చమంటే జనం చివర్లో 1 తీసి 2 పెడతారు. మీరూ పెట్టే ఉంటారు. నియమం మారి ఇన్నేళ్ళయినా, మీ ఆఫీసులో 90 రోజుల గంట ఇంకా మోగుతోందా?

2008లో ఏంజెలా సాస్ తన తోటివాళ్ళతో కలిసి ఇంకో మంచి ఆలోచన చెప్పారు. ఉద్యోగి ఓపిక జేబులో డబ్బులాంటిది. ప్రతి నియమం అందులోంచి కొంత ఖర్చు పెట్టిస్తుంది. పనికిమాలిన నియమాలకి ఆ ఓపికంతా ఖర్చయిపోతే, నిజంగా అవసరమైన రోజున జేబు ఖాళీ.

దొరలూ దొంగలూ ఒకే భాషలో

2020 డిసెంబర్. కోవిడ్ ఏడాది. అమెరికాలో గోడాడీ అనే వెబ్ కంపెనీ తన ఉద్యోగులకి పండగ బోనస్ 650 డాలర్లు అంటూ ఒక మెయిల్ పంపింది, వివరాలు నింపమంది. దాదాపు 500 మంది నింపారు. రెండు రోజుల తర్వాత తెలిసింది, అది పరీక్ష, వాళ్ళంతా ఫెయిల్, మళ్ళీ ట్రైనింగ్ తీసుకోవాలి. గొడవ పెద్దదయ్యాక కంపెనీ క్షమాపణ చెప్పింది. ‘దొంగలు ఇంతకన్నా దారుణమైన ఎరే వేస్తారు కదా’ అనే వాదన ఒకటి ఉంది. నిజమే, వేస్తారు. కానీ దొంగ మోసం చేస్తే దొంగ మీద నమ్మకం పోతుంది. కంపెనీ మోసం చేస్తే కంపెనీ మీద నమ్మకం పోతుంది. రేపు నిజంగా ఏదైనా నొక్కేసిన ఉద్యోగి పరిగెత్తుకెళ్ళి చెప్పాల్సింది ఆ కంపెనీకే.

ఇక మన సంగతి. గాలం మెయిల్‌ని ఎలా గుర్తుపట్టాలి? స్లైడ్లలో ఉంటుంది: తొందరపెడుతుంది, భయపెడుతుంది, లింక్ నొక్కమంటుంది. సరే. ఇప్పుడు మీ ఇన్‌బాక్స్‌లో నిజమైన మెయిళ్ళు తెరవండి. ‘అత్యవసరం: ఈ రోజు సాయంత్రంలోగా పూర్తి చేయని పక్షంలో చర్యలు తీసుకోబడును’ అని హెచ్ఆర్. ‘కేవైసీ అప్‌డేట్ చేయనిచో మీ ఖాతా నిలిపివేయబడును, ఈ లింక్‌పై క్లిక్ చేయండి’ అని పేరూ ఊరూ లేని నంబర్ నుంచి సర్వీస్ మెసేజ్. దొంగ రాసిందీ ఇలాగే ఉంటుంది. అసలు దొంగలు ఈ భాష కనిపెట్టలేదు, మన ఆఫీసుల దగ్గరే నేర్చుకున్నారు.

‘డిజిటల్ అరెస్ట్’ మోసం పనిచేసేది కూడా ఇందుకే. అలాంటి అరెస్ట్ ఏ చట్టంలోనూ లేదని 2024 అక్టోబర్‌లో ప్రధాని స్వయంగా ‘మన్ కీ బాత్’లో చెప్పారు. అయినా రిటైరైన టీచర్లు, డాక్టర్లు కెమెరా ముందు గంటల తరబడి కూర్చుంటున్నారు. వాళ్ళకి తెలివి లేక కాదు. జీవితమంతా కౌంటర్ల ముందు ‘సార్, సార్’ అంటూ నిలబడి, నోటీసుకి భయపడటం, సెక్షన్ నంబర్ చెబితే నోరు మూసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటునే దొంగ వాడుకున్నాడు. జనానికి అవగాహన లేదని గోల పెట్టేముందు, నిజం ఆఫీసులు తమ భాష మార్చుకోవాలి. పౌరుడితో మర్యాదగా, నింపాదిగా మాట్లాడే ప్రభుత్వం ఉన్నచోట, కసిరే గొంతు వినబడగానే అనుమానం వస్తుంది.

మనిషి పడ్డా, డబ్బు పోకుండా

మరి మార్గం లేదా? ఉంది. మనిషి పొరపాటు చేస్తాడని ముందే ఒప్పేసుకుని ఇల్లు కట్టడం.

గూగుల్‌లో 2017 మొదట్లో ఉద్యోగులందరికీ చిన్న యూఎస్‌బీ తాళంచెవి ఇచ్చారు. లాగిన్ కావాలంటే పాస్‌వర్డ్‌తో పాటు అది కూడా ఉండాలి. అప్పటినుంచి 85 వేల మందికి పైగా ఉన్న ఉద్యోగుల్లో ఒక్కరి ఆఫీసు అకౌంటూ ఫిషింగ్‌కి చిక్కలేదని 2018లో ఆ సంస్థ చెప్పింది. ఆ ఉద్యోగులేం దేవతలు కారు, లింకులు నొక్కే మనుషులే. కానీ ఆ తాళంచెవి అసలు సైట్ అడ్రస్‌కే స్పందిస్తుంది. నకిలీ సైట్ ఎంత అచ్చుగుద్దినట్టున్నా దానికి ఏమీ ఇవ్వదు. మనిషి కళ్ళని మోసం చేసినా దాన్ని మోసం చెయ్యలేరు. ఇప్పుడు మీ ఫోన్‌లో ‘పాస్‌కీ’ పెట్టుకోమని యాప్‌లు అడుగుతున్నది దీన్నే. అడిగితే పెట్టేసుకోండి.

మన రిజర్వ్ బ్యాంక్ కూడా ఈ దారిలో కొన్ని మంచి అడుగులు వేసింది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబర్ 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకి మారాలని ఆదేశించింది. ఆ తోక బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. చిన్న మార్పే. కానీ కోట్లమందికి ‘స్పెల్లింగ్ జాగ్రత్తగా చూసుకోండి’ అని పాఠం చెప్పడం కన్నా, చూడాల్సింది ఒకే ఒక్క తోక చెయ్యడం ఎంత తేలిక! బ్యాంకులు లావాదేవీల కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లే వాడాలన్నదీ ఇలాంటిదే.

అయితే అసలు పేచీ డబ్బు దగ్గర ఉంది. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన నిబంధనల ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోగా చెబితే మీకు నష్టం సున్నా. బాగానే ఉంది. కానీ కస్టమర్ ‘నిర్లక్ష్యం’ వల్ల, ఉదాహరణకి ఓటీపీ లాంటి వివరాలు తనే చెప్పేయడం వల్ల పోతే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయిందంతా కస్టమర్ ఖాతాలోనే. చూడండి, ఒక్క మాట. ఆ మాటకి లక్షల రూపాయల విలువ ఉంది. రెండు గంటలు ఫోన్లో బెదిరించి ఓటీపీ చెప్పిస్తే, అది నిర్లక్ష్యమా, దోపిడీనా?

బ్రిటన్‌లో ఈ మాటని తిరగరాశారు. 2024 అక్టోబర్ 7 నుంచి, మోసపోయి తన చేత్తో తనే వేరే ఖాతాకి పంపిన డబ్బుకి కూడా 85 వేల పౌండ్ల దాకా బ్యాంకులు తిరిగివ్వాలి. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. కస్టమర్‌ది ఘోరమైన నిర్లక్ష్యమని వాదించాలంటే రుజువు చెయ్యాల్సింది బ్యాంకే. ఇలా చేస్తే జనం అజాగ్రత్తగా తయారవుతారన్న భయం అక్కడా వినబడింది. కానీ దొంగ ఖాతా తెరిచింది ఏదో ఒక బ్యాంకులోనే కదా. ఆ ఖాతా తెరవనివ్వకుండా ఆపగలిగేది ఎవరు, విజయనగరంలో ఉన్న మీ నానమ్మా, ఆ బ్యాంకా? ఎవరు ఆపగలరో వాళ్ళ జేబుకి చిల్లు పడితేనే ఆపే ప్రయత్నం జరుగుతుంది.

మీ చేతిలో ఉన్నది

ఇవన్నీ పెద్దవాళ్ళు చెయ్యాల్సినవి. మనం చెయ్యగలిగినవీ ఉన్నాయి. ఆఫీసులో టీమ్ లీడ్ అయితే మీ మెయిళ్ళలో ‘అర్జెంట్’ అన్న మాట నిజంగా అర్జెంట్ అయినప్పుడే వాడండి. లింక్ బదులు ‘పోర్టల్‌లో ఫలానా చోట చూడండి’ అని రాయండి. కొత్తగా చేరిన కుర్రాడు వచ్చి ‘అన్నా, ఏదో నొక్కేశాను’ అంటే, గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి నవ్వుకోకండి. ఒకసారి నవ్వితే ఇంకోసారి ఎవడూ రాడు. నొక్కడం వల్ల జరిగే నష్టం కన్నా, నొక్కి దాచడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది.

ఇంట్లో ఇది ఇంకా నిజం. పోయిన డబ్బు దొంగ చేతికి ఒక్క దూకులో చేరదు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కడినుంచి మరో నాలుగు ఖాతాలకి చీలిపోతుంది. 1930కి ఫోన్ చేస్తే ఆ దారిలోనే ఎక్కడో దాన్ని ఆపే ప్రయత్నం చేస్తారు. ప్రతి నిమిషానికీ విలువ ఉంది. కానీ చాలా ఇళ్ళల్లో మొదటి రోజంతా గడిచిపోయేది మౌనంలోనే. కొడుకు తిడతాడని, కోడలి ముందు పరువు పోతుందని, ‘నీకెన్నిసార్లు చెప్పాను’ అనే మాట పడాల్సి వస్తుందని. మూడో రోజు అన్నం సరిగ్గా తినడం లేదేంటని అడిగితే అప్పుడు బయటపడుతుంది.

అందుకే ఈ వారం ఒక పని చెయ్యండి. అమ్మానాన్నలకి ఇంకో జాగ్రత్తల వీడియో ఫార్వార్డ్ చెయ్యకండి, ఇప్పటికే వంద పంపి ఉంటారు. ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: ‘ఎప్పుడైనా అలాంటిది జరిగితే ముందు నాకు చెప్పు, నేనేమీ అనను’. చెప్పాక, నిజంగానే ఏమీ అనకండి. ఎందుకు నొక్కావని అడగడానికి ఆ తర్వాత జీవితమంతా ఉంటుంది. ఆ పూట అడగాల్సింది ‘ఎప్పుడు నొక్కావు నాన్నా?’ అని. జవాబు వినగానే 1930కి డయల్ చెయ్యండి.